ద్రావణాల్లో లోహాలను కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రయోగశాలలో కొత్తగా చేరినవారి నుంచి, ప్రాజెక్టు పని మీద వచ్చే విద్యార్థుల నుంచి, కొన్నిసార్లు పదేళ్ల అనుభవం ఉన్నవారి నుంచి కూడా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల వాటిని ఒకచోట చేర్చాను. పని జరిగే వరుసలోనే ప్రశ్నలను అమర్చినప్పటికీ ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగా నిలుస్తుంది కాబట్టి, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## నమూనా సేకరణ

నీటి నమూనాకు నైట్రిక్ ఆమ్లమే ఎందుకు కలపమంటారు? వేరే ఆమ్లం పనికిరాదా?

తటస్థ నీటిలో ఉన్న ఇనుము, సీసం, అల్యూమినియం వంటి లోహాలు కొన్ని గంటల్లోనే హైడ్రాక్సైడ్లుగానో కార్బొనేట్లుగానో విడిపోయి సీసా గోడలకు అంటుకుంటాయి. లీటరులో కొద్ది మైక్రోగ్రాములే ఉన్నప్పుడు ఆ గోడలకు అంటుకున్న భాగమే మొత్తంలో సగం కావచ్చు. పీహెచ్ 2 కంటే తక్కువగా ఉంచితే హైడ్రోజన్ అయాన్లు గోడ మీది స్థానాలను ఆక్రమించుకుంటాయి కనుక లోహం ద్రావణంలోనే నిలుస్తుంది. లీటరు నీటికి గాఢ నైట్రిక్ ఆమ్లం సుమారు 2 మిల్లీలీటర్లు సాధారణంగా సరిపోతుంది. అయితే క్షారత ఎక్కువగా ఉన్న నీటికి ఇంకొంత కావలసి వస్తుంది కాబట్టి, కలిపిన తర్వాత పీహెచ్ కాగితంతో ఒకసారి చూసుకోవాలి. కాగితాన్ని సీసాలో ముంచకూడదు, ఒక చుక్క తీసి దాని మీద వేయాలి.

నైట్రిక్ ఆమ్లాన్నే ఎంచుకోవడానికి కారణం, దాదాపు అన్ని లోహాల నైట్రేట్లూ నీటిలో కరగడమే. సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే బేరియం, సీసం సల్ఫేట్లుగా అడుగుకు చేరతాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే వెండి అవక్షేపంగా మారుతుంది. పైగా ఐసీపీ-ఎంఎస్ (ప్లాస్మాలో తయారైన అయాన్లను ద్రవ్యరాశిని బట్టి లెక్కించేది) పరికరంలో క్లోరిన్ వల్ల ఆర్సెనిక్, వెనేడియం విలువలు తప్పుగా పెరుగుతాయి.

ముందు వడపోయాలా, ముందు ఆమ్లం కలపాలా?

కరిగి ఉన్న లోహం మాత్రమే కావాలంటే ముందు 0.45 మైక్రోమీటర్ల వడపొర గుండా వడపోసి, ఆ తర్వాతే ఆమ్లం కలపాలి. ఈ వరుస తారుమారైతే నీటిలో తేలుతున్న మట్టి రేణువుల మీద ఉన్న ఇనుము, మాంగనీసు, సీసం ఆమ్లంలో కరిగి వడపోత గుండా దిగిపోతాయి. అప్పుడు మీరు కొలిచేది కరిగిన లోహాన్నీ కాదు, మొత్తం లోహాన్నీ కాదు. మొత్తం లోహం కావాలంటే వడపోయకుండానే ఆమ్లం కలిపి, తర్వాత వేడి చేసి జీర్ణం చేయాలి, అంటే రేణువుల్లోని లోహం ఆమ్లంలో కరిగేలా చేయాలి. నమూనాతో వచ్చిన చీటీ మీద ఈ రెండింటిలో ఏది అడిగారో రాయకపోతే, పని మొదలుపెట్టే ముందే అడిగి తెలుసుకోండి. ఆమ్లం పడిన సీసాను మళ్లీ పాత స్థితికి తేవడం ఎవరి వల్లా కాదు.

గాజు సీసా వాడితే ఏమవుతుంది?

గాజు ఉపరితలం లోహ అయాన్లను పట్టుకోవడమే కాక సోడియం, బోరాన్, అల్యూమినియం వంటివాటిని ద్రావణంలోకి వదులుతుంది కూడా. పాలీథీన్, పాలీప్రొపిలీన్, లేదా స్తోమతుంటే పీఎఫ్‌ఏ అనే ఫ్లోరోపాలిమర్ సీసాలు మేలు. ఏదైనా సరే, 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో ఒక రాత్రంతా నానబెట్టి, అయాన్ రహిత జలంతో పలుమార్లు కడిగి వాడాలి. రంగు మూతలు, లోపల రబ్బరు అట్ట ఉన్న మూతలు పక్కన పెట్టండి.

పాదరసానికీ ఆరు సంయోజకత గల క్రోమియానికీ వేరే ఏర్పాట్లు ఎందుకు?

పాదరసం తేలికగా లోహరూపానికి క్షయకరణం చెంది ఆవిరవుతుంది. సాధారణ పాలీథీన్ గోడల గుండా బయటికి పోవడమూ, బయటి గాలిలోని పాదరసం లోపలికి రావడమూ రెండూ జరుగుతాయి. అందుకే దానికి గాజు లేదా ఫ్లోరోపాలిమర్ సీసా వాడి, ఆక్సీకరణ స్థితిలో నిలిపి ఉంచడానికి బ్రోమిన్ మోనోక్లోరైడ్ గానీ స్వల్పంగా బంగారం లవణం గానీ కలుపుతారు. మామూలు లోహాల నమూనాలను ఆమ్లంలో ఆరు నెలల వరకు నిల్వ ఉంచే చోట, పాదరసానికి 28 రోజుల గడువే ఇస్తారు.

క్రోమియం విషయం పూర్తిగా వేరు. ఆరు సంయోజకత గల క్రోమియం ఆమ్లంలో బలమైన ఆక్సీకరణి. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరించి తాను మూడు సంయోజకతకు దిగిపోతుంది. ఆమ్లం కలిపిన సీసాలో దాన్ని వెతకడం వృథా. ఆ నమూనాను పీహెచ్ 9 దాటిన బఫర్‌లో, చల్లగా ఉంచి, వీలైనంత త్వరగా కొలవాలి.

అన్నీ శుభ్రంగా చేసినా బ్లాంక్‌లో (నమూనా లేకుండా అవే కారకాలతో తయారుచేసిన ద్రావణంలో) జింకు ఎక్కడి నుంచి వస్తోంది?

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం మూడు వారాలు ఈ ప్రశ్నతోనే గడిపాను. నీటిని మార్చాను, ఆమ్లం సీసా మార్చాను, ఫ్లాస్కులన్నిటినీ రెండుసార్లు ఆమ్లంలో నానబెట్టాను. అయినా బ్లాంక్‌లో జింకు ఒక రోజు 4 మైక్రోగ్రాములు, మరో రోజు 30 మైక్రోగ్రాములు చూపించేది. చివరికి ఒక ఉదయం పొడి పూసిన చేతి తొడుగు వేలిని 1 శాతం ఆమ్లంలో ఒక నిమిషం ముంచి ఆ ద్రావణాన్నే పరికరానికి ఇచ్చాను. సంకేతం తెర పైఅంచును దాటిపోయింది. రబ్బరు తయారీలో జింకు ఆక్సైడు వాడతారు, దాని మీది పొడి గాలిలో తేలి ఫ్లాస్కు మూతుల మీద పడుతుంది. పొడి లేని నైట్రైల్ తొడుగులకు మారిన రోజు నుంచి బ్లాంక్ నిలకడగా ఉంది.

జింకు ఎక్కువగా కనిపించే చోట తొడుగులు, రబ్బరు బిరడాలు, నేల దుమ్ము, చర్మానికి రాసుకునే క్రీములు, ఈ వరుసలో అనుమానించండి. విలువ నిలకడగా ఎక్కువ ఉంటే కారణం నీరో ఆమ్లమో అయి ఉంటుంది. ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ వస్తుంటే దుమ్మో చెయ్యో అయి ఉంటుంది. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే వెతుకులాట సగం తగ్గుతుంది.

## ఘన నమూనాను ద్రావణంగా మార్చడం

మట్టి, మిశ్రలోహం, మొక్కల ఆకులు: దేనికి ఏ ఆమ్లం?

సేంద్రియ పదార్థానికి నైట్రిక్ ఆమ్లం, దానికి తోడు హైడ్రోజన్ పెరాక్సైడు సరిపోతాయి. మట్టికి, అవక్షేపాలకు చాలామంది మూడు పాళ్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం కలిసిన ఆక్వా రేజియా వాడతారు. బంగారం, ప్లాటినం ఉన్న నమూనాలకు కూడా అదే. ఉక్కుకు, రాగి మిశ్రలోహాలకు సజల నైట్రిక్ ఆమ్లంతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చవచ్చు. తగరం ఉన్న కంచును నైట్రిక్ ఆమ్లంలో ఒక్కదానిలోనే వేస్తే తెల్లని మెటాస్టానిక్ ఆమ్లం అడుగున మిగిలిపోతుందని మరువకండి. పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని సేంద్రియ పదార్థం మీద నేరుగా వేడి చేస్తే పేలుతుంది. ముందుగా నైట్రిక్ ఆమ్లంతో పూర్తిగా ఆక్సీకరించకుండా, దానికోసమే కట్టిన ధూమపేటిక లేకుండా ఆ ఆమ్లం జోలికి పోకూడదు.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తప్పదా?

సిలికేటు ఖనిజం లోపల బందీగా ఉన్న లోహంతో సహా మొత్తం కావాలంటే ఈ ఆమ్లమో, ద్రవీకరించిన క్షారంతో కలిపి కరిగించడమో తప్పదు. పర్యావరణ పరీక్షల్లో చాలావాటికి ఆ అవసరం ఉండదు, ఎందుకంటే ఆమ్లంలో కరగని ఆ భాగం నీటిలోకి వచ్చే అవకాశమూ తక్కువే. చర్మం మీద పడిన వెంటనే నొప్పి తెలియకుండా ఈ ఆమ్లం లోపలికి దిగి, రక్తంలోని కాల్షియాన్ని లాగేస్తుంది. కాల్షియం గ్లూకొనేట్ జెల్ చేతికి అందేంత దూరంలో లేనిచోట దీని సీసా మూత తీయకూడదు. గాజును కూడా తినేస్తుంది కాబట్టి, బోరిక్ ఆమ్లంతో బంధించకుండా ఆ ద్రావణాన్ని పరికరంలోని గాజు భాగాలకు పంపకూడదు.

ద్రావణం తేటగా కనిపిస్తే మొత్తం లోహం వచ్చేసినట్టేనా?

కాదు. వెండి క్లోరైడు పలుచని పొరలా గోడకు అంటుకుని కనిపించకపోవచ్చు, ఆవిరయ్యే ఆర్సెనిక్, పాదరసం తెరిచిన బీకరు నుంచి ముందే వెళ్లిపోయి ఉండవచ్చు. మీ నమూనాను పోలిన ప్రమాణీకృత పదార్థాన్ని (లోహం ఎంతుందో ధ్రువపత్రంతో వచ్చేదాన్ని) అదే ఆమ్లంలో, అదే ఉష్ణోగ్రత వద్ద కరిగించి చూస్తేనే ఈ సంగతి తేలుతుంది.

## పద్ధతిని ఎంచుకోవడం

ఇన్ని పద్ధతుల్లో నాకు ఏది సరిపోతుంది?

మూడు విషయాలు తెలిస్తే నిర్ణయం చాలావరకు దానంతటదే వస్తుంది: లోహం ఎంత గాఢతలో ఉంది, ఎన్ని లోహాలు కావాలి, వాటి చుట్టూ ఇంకేముంది. లీటరుకు పదుల మిల్లీగ్రాములు దాటిన కాల్షియం, మెగ్నీషియం, జింకు వంటివాటికి ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టుకునే కారకం) టైట్రేషన్ చాలు. లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు నుంచి కొన్ని మిల్లీగ్రాముల వరకు ఉన్న ఒకటి రెండు లోహాలకు జ్వాల పరమాణు శోషణ పద్ధతి చవక, వేగవంతం. అదే స్థాయిలో పదిహేను ఇరవై లోహాలు కావాలంటే ప్లాస్మాలో వెలువడే కాంతిని కొలిచే ఐసీపీ-ఓఈఎస్. లీటరుకు మైక్రోగ్రాము, అంతకన్నా తక్కువ అయితే గ్రాఫైట్ కొలిమి (జ్వాలకు బదులు వేడి గ్రాఫైట్ గొట్టంలో చేసే పరమాణు శోషణ) లేదా ఐసీపీ-ఎంఎస్.

తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శక విలువలు ఈ ఎంపికను బాగా చూపిస్తాయి. రాగికి లీటరుకు 2 మిల్లీగ్రాములు కనుక జ్వాల చాలు. సీసం, ఆర్సెనిక్‌లకు 10 మైక్రోగ్రాములు, కాడ్మియానికి 3 మైక్రోగ్రాములు కనుక ఆ మూడింటినీ మామూలు జ్వాల ముందు పెట్టి ‘కనిపించలేదు’ అని రాస్తే ఆ మాటకు అర్థం లేదు. నిర్ణయం తీసుకోవలసిన విలువలో పదో వంతునైనా నమ్మకంగా చూడగల పద్ధతి కావాలన్నది నేను పాటించే కొలమానం.

పెద్ద పరికరాలు ఉన్నప్పుడు ఇంకా టైట్రేషన్ ఎందుకు నేర్చుకోవాలి?

ఎక్కువ గాఢత ఉన్న చోట టైట్రేషన్ ఇచ్చే ఖచ్చితత్వాన్ని ప్లాస్మా పరికరాలు తేలికగా అందుకోలేవు. జాగ్రత్తగా చేసిన ఈడీటీఏ టైట్రేషన్‌లో తేడా 0.2 శాతానికి మించదు. అదే ద్రావణాన్ని వెయ్యి రెట్లు పలుచన చేసి ప్లాస్మాకు ఇస్తే పలుచన చేయడంలో వచ్చే తప్పు ఒక్కటే దాన్ని మించిపోతుంది. జింకు లవణం 99 శాతం స్వచ్ఛమా, 98 శాతమా అన్న ప్రశ్నకు బ్యూరెట్టే సరైన జవాబు చెబుతుంది.

రంగును బట్టి లోహాన్ని కొలిచే పద్ధతులను నమ్మవచ్చా?

సరైన కారకం, సరైన పీహెచ్ ఉంటే నిస్సందేహంగా నమ్మవచ్చు. ఇనుముకు 1,10-ఫినాంత్రోలిన్ పద్ధతినే చూడండి. హైడ్రాక్సిలమీన్ కలిపితే ఇనుమంతా రెండు సంయోజకతకు వస్తుంది, ఒక ఇనుము అయాను మూడు ఫినాంత్రోలిన్ అణువులతో కలిసి నారింజ-ఎరుపు సంక్లిష్టంగా మారుతుంది, ఆ రంగు రోజుల తరబడి మారదు. 510 నానోమీటర్ల వద్ద దాని మోలార్ శోషణ గుణకం సుమారు 11,100. అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము ఇనుము ఒక సెంటీమీటరు కువెట్‌లో (కాంతి దాటే చిన్న పాత్రలో) 0.20 శోషణ ఇస్తుంది. మీ విలువ దీనికి దగ్గరగా లేకపోతే ద్రావణం తయారీలోనే పొరపాటు ఉందని కాలిబ్రేషన్ రేఖ గీయకముందే తెలిసిపోతుంది.

ఈ పద్ధతులకు ఇంకొక బలం ఉంది: కొన్ని కారకాలు లోహం ఏ సంయోజకతలో ఉందో వేరు చేసి చూపిస్తాయి. డైఫినైల్‌కార్బజైడ్ ఆమ్ల ద్రావణంలో ఆరు సంయోజకత గల క్రోమియంతో మాత్రమే ఊదా రంగు ఇస్తుంది, దాన్ని 540 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. జ్వాల గానీ ప్లాస్మా గానీ ఈ తేడా చెప్పలేవు. వాటి వేడిలో ఏ క్రోమియమైనా ఒక్కటే.

వోల్టామెట్రీ (విద్యుత్ పొటెన్షియల్‌ను మారుస్తూ ప్రవాహాన్ని కొలిచే పద్ధతి) ఇప్పటికీ ఎవరైనా వాడుతున్నారా?

వాడుతున్నారు, ముఖ్యంగా సముద్రజలంలో. యారొస్లావ్ హెయిరోవ్‌స్కీ 1922లో మొదలుపెట్టిన పోలరోగ్రఫీ నుంచి వచ్చిన శాఖ ఇది. ఆయనకు 1959లో నోబెల్ బహుమతి వచ్చింది. స్ట్రిప్పింగ్ పద్ధతిలో కొన్ని నిమిషాల పాటు లోహాన్ని ఎలక్ట్రోడు మీద పోగుచేసి, తర్వాత విద్యుత్ పొటెన్షియల్‌ను మారుస్తూ కరిగించినప్పుడు జింకు, కాడ్మియం, సీసం, రాగి వాటి వాటి స్థానాల్లో శిఖరాలుగా బయటపడతాయి. ఉప్పు ఎక్కువగా ఉండటం ఇతర పరికరాలకు ఇబ్బంది అయితే దీనికి సౌకర్యం, ఎందుకంటే ద్రావణం విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. సేంద్రియ పదార్థంతో గట్టిగా బంధించుకున్న లోహం మాత్రం దీనికి కనిపించదు. మొత్తం కావాలంటే ముందు అతినీలలోహిత కాంతితో ఆ పదార్థాన్ని విచ్ఛిన్నం చేయాలి.

## ఈడీటీఏ టైట్రేషన్

ఈడీటీఏ అన్ని లోహాలనూ పట్టుకుంటుంటే కాల్షియాన్ని మాత్రమే కొలవడం ఎలా సాధ్యం?

గెరోల్డ్ ష్వార్జెన్‌బాక్ 1940ల్లో జూరిచ్‌లో ఈ టైట్రేషన్లను రూపొందించినప్పటి నుంచి ఈ ప్రశ్న ఉంది, జవాబు పీహెచ్‌లో ఉంది. ఈడీటీఏ ప్రతి లోహంతోనూ ఒకటికి ఒకటిగా కలుస్తుంది కానీ అన్నిటినీ ఒకే బలంతో పట్టుకోదు. స్థిరత్వ స్థిరాంకపు లాగరిథం మెగ్నీషియానికి 8.7, కాల్షియానికి 10.7, జింకుకు 16.5, మూడు సంయోజకత గల ఇనుముకు 25.1. పీహెచ్ తగ్గేకొద్దీ ఈడీటీఏ మీద హైడ్రోజన్ అయాన్లు చేరి దాని పట్టు సడలుతుంది. పీహెచ్ 2 దగ్గర ఇనుమును మాత్రమే పట్టుకోగలదు కనుక సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం సూచికగా ఇనుమును విడిగా కొలవవచ్చు. కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి కావాలంటే అమ్మోనియా బఫర్‌లో పీహెచ్ 10 కావాలి. పీహెచ్ 12 దాటిస్తే మెగ్నీషియం హైడ్రాక్సైడుగా విడిపోయి పక్కకు తప్పుకుంటుంది, అప్పుడు మ్యూరెక్సైడ్ వంటి సూచికతో కాల్షియం ఒక్కటే వస్తుంది.

అంత్యబిందువు దగ్గర రంగు స్పష్టంగా మారడం లేదు, ఏం చేయాలి?

ఎరియోక్రోమ్ బ్లాక్ టీతో సరిగా జరిగే టైట్రేషన్ ఎలా ఉంటుందో ముందు చూడాలి. మొదట ద్రావణం ద్రాక్షరసం ఎరుపులో ఉంటుంది. అంత్యబిందువుకు ఒక మిల్లీలీటరు దూరంలో ఆ ఎరుపు కొద్దిగా ఊదా వైపు తిరుగుతుంది. చివరి రెండు మూడు చుక్కల్లో ఊదా రంగులోంచి నీలం పైకి వస్తుంది. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి శుద్ధమైన నీలం నిలిచిన చుక్కే అంత్యబిందువు. ఆ చివరి చుక్కలను అయిదు సెకన్ల ఎడంతో వేయాలి, ఎందుకంటే చర్య అక్కడ నెమ్మదిగా సాగుతుంది. ఫ్లాస్కు కింద తెల్లని పలక, పక్కన రంగు మారిన ఒక ఫ్లాస్కు పోలిక కోసం ఉంటే కన్ను మోసపోదు.

ఊదా రంగు దగ్గరే ఆగిపోతే రాగి, నికెలు, ఇనుము లేదా అల్యూమినియం సూచికను గట్టిగా పట్టుకుని ఉండవచ్చు. ఇనుముకు, అల్యూమినియానికి ట్రైఇథనోలమీన్ కలిపి తప్పించవచ్చు. నమూనాలో మెగ్నీషియం అసలు లేకపోయినా రంగు మార్పు మందగిస్తుంది, ఎందుకంటే ఈ సూచిక కాల్షియంతో కన్నా మెగ్నీషియంతో గట్టిగా కలుస్తుంది. బఫర్‌లో కొద్దిగా మెగ్నీషియం-ఈడీటీఏ లవణం ముందే కలిపి ఉంచడం దానికి పరిష్కారం. సూచిక ద్రావణం కొద్ది రోజులకే పాడవుతుంది కనుక సోడియం క్లోరైడుతో ఒకటికి వంద పాళ్లుగా నూరి పొడిగా దాచుకోండి. బఫర్ కలిపాక అయిదు నిమిషాల్లో టైట్రేషన్ ముగించాలి, లేకపోతే కాల్షియం కార్బొనేటు విడిపోయి వచ్చిన నీలం మళ్లీ ఎరుపుకు జారుతుంది.

నీటి కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం మొత్తం) లెక్క ఎలా వేయాలి?

డైసోడియం ఈడీటీఏ డైహైడ్రేటు మోలార్ ద్రవ్యరాశి 372.24, లీటరుకు 3.722 గ్రాములు కరిగిస్తే 0.01 మోలార్ ద్రావణం వస్తుంది. దాని ప్రతి మిల్లీలీటరు 1.00 మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేటుకు సమానం. 50 మిల్లీలీటర్ల నీటికి 12.4 మిల్లీలీటర్లు పట్టిందనుకుంటే అందులో 12.4 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 248 మిల్లీగ్రాముల కాఠిన్యం. తూకం వేసిన లవణాన్ని నమ్మి ఊరుకోకుండా, ఎండబెట్టిన కాల్షియం కార్బొనేటుతో ఆ ఈడీటీఏను ప్రమాణీకరించిన తర్వాతే ఈ లెక్క చెల్లుతుంది.

సైనైడు లేకుండా పని జరగదా?

చాలావరకు జరుగుతుంది. జింకు, రాగి, నికెలు, కాడ్మియాలను తప్పించడానికి పొటాషియం సైనైడు అద్భుతంగా పనిచేస్తుందనేది నిజమే కానీ, ఆ ద్రావణంలో పొరపాటున ఆమ్లం పడితే హైడ్రోజన్ సైనైడు వాయువు వెలువడి ప్రాణం తీస్తుంది. పారబోసే తొట్టిలో ముందే ఎవరో ఆమ్లం పోసి ఉన్నా అదే ప్రమాదం. వేరే దారి ఉన్నప్పుడు విద్యార్థుల బల్ల మీదికి నేను దాన్ని రానివ్వను. ఆ లోహాలు ఉన్న నమూనాలను పరమాణు శోషణకు పంపిస్తాను.

## పరమాణు శోషణ

ప్రతి లోహానికి వేరే దీపం ఎందుకు కావాలి?

స్వేచ్ఛగా ఉన్న పరమాణువు కొన్ని నానోమీటరులో వెయ్యో వంతుల వెడల్పున్న సన్నని రేఖనే శోషిస్తుంది. మామూలు దీపం కాంతిని ఎంత వేరు చేసినా అంత సన్నగా రాదు. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ ఈ చిక్కుకు చూపిన దారి చాలా సరళమైనది: రాగిని కొలవాలంటే రాగితోనే చేసిన కాథోడు ఉన్న దీపాన్ని వెలిగిస్తే అది రాగి శోషించే 324.8 నానోమీటర్ల రేఖనే ఇస్తుంది. కాడ్మియానికి 228.8, సీసానికి 283.3, జింకుకు 213.9 నానోమీటర్లు. దీపాన్ని వెలిగించిన వెంటనే కొలవకండి. పది, పదిహేను నిమిషాలు వేడెక్కనిస్తే తీవ్రత నిలకడకు వస్తుంది.

జ్వాలలో కాల్షియం విలువ ఎప్పుడూ తక్కువగా వస్తోంది, ఎందుకు?

నమూనాలో ఫాస్ఫేటు ఉండి ఉంటుంది. సుమారు 2300 డిగ్రీల సెల్సియస్ ఉండే గాలి-ఎసిటిలీన్ జ్వాలలో కాల్షియం ఫాస్ఫేటు పూర్తిగా విడిపోదు కనుక పరమాణువులు తక్కువగా ఏర్పడతాయి. ప్రమాణ ద్రావణాలకూ నమూనాలకూ సమానంగా 0.1 నుంచి 1 శాతం వరకు లాంథనమ్ కలిపితే ఫాస్ఫేటు దానితో కలిసి కాల్షియాన్ని వదిలేస్తుంది. లేదా నైట్రస్ ఆక్సైడు-ఎసిటిలీన్ జ్వాలకు మారాలి. ఆ వేడిలో కాల్షియం కొంత అయనీకరణం చెందుతుంది కాబట్టి అప్పుడు పొటాషియం లేదా సీజియం లవణం కలపాలి.

గ్రాఫైట్ కొలిమిలో ఒకే నమూనాకు రెండు విలువలు వస్తున్నాయి. ఎక్కడ చూడాలి?

ముందు బొట్టును చూడండి. 20 మైక్రోలీటర్ల బొట్టు గొట్టం అడుగున పరుచుకోవాలి, ఎండేటప్పుడు చిటపటలాడకూడదు. చిన్న అద్దంతో గొట్టం రంధ్రంలోకి చూస్తే ఈ సంగతి కనబడుతుంది. బొట్టు ఉడికి చిమ్ముతుంటే ఎండబెట్టే ఉష్ణోగ్రతను తగ్గించి సమయాన్ని పెంచాలి.

తర్వాతి అనుమానం బూడిద దశ మీద, అంటే లోహాన్ని పరమాణువులుగా మార్చే ముందు చుట్టూ ఉన్న పదార్థాన్ని వేడితో పంపించేసే దశ మీద. ఆ దశలో ఉష్ణోగ్రత ఎక్కువైతే కాడ్మియం, సీసం చుట్టూ ఉన్న పదార్థంతో పాటే వెళ్లిపోతాయి. తక్కువైతే ఆ పదార్థం మిగిలిపోయి పరమాణు దశలో పొగలా అడ్డువస్తుంది. పల్లాడియం, మెగ్నీషియం నైట్రేట్ల మిశ్రమం కలిపితే లోహం ఎక్కువ ఉష్ణోగ్రత వరకు గొట్టంలోనే నిలుస్తుంది. ఉప్పు నీటికి అమ్మోనియం నైట్రేటు మేలు చేస్తుంది, సోడియం క్లోరైడును అది సోడియం నైట్రేటుగా, అమ్మోనియం క్లోరైడుగా మార్చి తక్కువ వేడిలోనే పంపించేస్తుంది. ఇవన్నీ సరిగానే ఉంటే గొట్టం అరిగిపోయి ఉండవచ్చు, మార్చి చూడండి.

ఎసిటిలీన్ విషయంలో ఏ జాగ్రత్త ముఖ్యం?

సిలిండరు పూర్తిగా ఖాళీ అయ్యేవరకు వాడకండి. ఎసిటిలీన్ లోపల అసిటోన్‌లో కరిగి ఉంటుంది. పీడనం బాగా తగ్గితే ఆ అసిటోన్ వాయువుతో పాటు వచ్చి జ్వాలను అస్థిరం చేస్తుంది, పరికరం లోపలి గొట్టాలను పాడుచేస్తుంది. రాగి గొట్టాలను ఎసిటిలీన్‌కు ఎప్పుడూ వాడకూడదు, పేలుడు స్వభావం గల రాగి ఎసిటిలైడు ఏర్పడుతుంది.

## ప్లాస్మా పద్ధతులు

ఐసీపీ-ఓఈఎస్, ఐసీపీ-ఎంఎస్ రెండింటికీ తేడా ఏమిటి?

రెండింటిలోనూ 6,000 నుంచి 10,000 కెల్విన్ వేడి గల ఆర్గాన్ ప్లాస్మాలోకే నమూనా తుంపర వెళుతుంది. మొదటిది అక్కడ వెలువడే కాంతిని కొలుస్తుంది, రెండవది అక్కడ తయారైన అయాన్లను శూన్యంలోకి లాగి ద్రవ్యరాశిని బట్టి లెక్కిస్తుంది. మొదటిది లీటరుకు మైక్రోగ్రాముల వరకు, రెండవది నానోగ్రాముల వరకు చూడగలదు. అయితే ఎంఎస్‌కు కరిగిన ఘనపదార్థం 0.2 శాతం దాటితే అయాన్లను లోపలికి తీసుకునే శంకువు రంధ్రం మూసుకుపోతుంది. ఓఈఎస్ దానికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. ఉప్పు ఎక్కువ, లోహం మధ్యస్థం అయిన నమూనాను ఎంఎస్‌కు ఇవ్వడం పరికరాన్ని కష్టపెట్టడమే.

నమూనాలో ఉండే అవకాశమే లేని ఆర్సెనిక్ ఎంఎస్‌లో కనబడుతోంది, నిజమేనా?

నమూనాలో క్లోరైడు ఎంత ఉందో చూడండి. ఆర్సెనిక్‌కు 75 ద్రవ్యరాశి గల ఐసోటోపు ఒక్కటే ఉంది. ప్లాస్మాలోని ఆర్గాన్-40, నమూనాలోని క్లోరిన్-35 కలిసినా 75 అవుతుంది; పరికరానికి ఈ రెండూ ఒకటే. ఇలాగే ఆర్గాన్, ఆక్సిజన్ కలిసి ఇనుము-56 స్థానంలోనూ, రెండు ఆర్గాన్లు కలిసి సెలీనియం-80 స్థానంలోనూ కూర్చుంటాయి.

ఇప్పటి పరికరాల్లో హీలియం నింపిన ఘాత గది దీనికి విరుగుడు. జంట పరమాణువుల అయాను పరిమాణంలో పెద్దది కనుక హీలియంతో ఎక్కువసార్లు ఢీకొని శక్తి కోల్పోతుంది, గది చివర ఉన్న విద్యుత్ అడ్డును దాటలేదు; ఒంటరి ఆర్సెనిక్ అయాను దాటుతుంది. పరీక్షించే మార్గం సులువు: ఆర్సెనిక్ లేని 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని హీలియంతోనూ, హీలియం లేకుండానూ కొలిచి చూడండి. హీలియంతో సంకేతం అడుగంటిపోతే మీరు ఇంతకుముందు చూసింది ఆర్సెనిక్ కాదు.

## కాలిబ్రేషన్, లెక్కలు, నివేదిక

సహసంబంధ గుణకం 0.9999 వచ్చింది, రేఖ బాగున్నట్టే కదా?

ఈ ఒక్క సంఖ్యను నమ్మి తప్పు నివేదికలు ఇచ్చినవారిని చాలామందిని చూశాను. 1, 5, 10, 50, 100 మైక్రోగ్రాముల ప్రమాణాలతో రేఖ గీస్తే దాని దిశను 100 ఒక్కటే శాసిస్తుంది. ఆ ఒక్క బిందువు ఒక శాతం తప్పినా రేఖ కొద్దిగా వంగి, 1 మైక్రోగ్రాము దగ్గర విలువ సుమారు పది శాతం తేడా రావచ్చు; అయినా గుణకం చెక్కుచెదరదు. కాబట్టి ప్రతి ప్రమాణాన్నీ ఆ రేఖ మీదనే తిరిగి లెక్కించి, అసలు విలువకు ఎంత దగ్గరగా వచ్చిందో శాతాల్లో చూడండి. కింది ప్రమాణం 10 శాతానికి మించి తప్పితే భారితమైన రేఖను (కింది ప్రమాణాలకు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చి గీసేదాన్ని) వాడాలి, లేదా నమూనాల గాఢతకు దగ్గరగా ఉండే చిన్న పరిధిని ఎంచుకోవాలి.

ప్రామాణిక సంకలన పద్ధతి ఎప్పుడు, ఎలా?

నమూనాలోని ఇతర పదార్థం సంకేతాన్ని తగ్గిస్తోందని అనుమానం ఉండి, దాన్ని పోలిన బ్లాంక్ తయారుచేయడం కుదరనప్పుడు ఈ పద్ధతి వాడాలి. రాగికి ఒక ఉదాహరణ. నాలుగు 25 మిల్లీలీటర్ల ఫ్లాస్కుల్లో ఒక్కోదానిలో 10 మిల్లీలీటర్ల నమూనా పోసి, లీటరుకు 25 మిల్లీగ్రాముల రాగి ఉన్న ద్రావణాన్ని వరుసగా 0, 1, 2, 3 మిల్లీలీటర్లు కలిపి, గుర్తు వరకు నింపాము. ఫ్లాస్కులో పెరిగిన గాఢతలు 0, 1, 2, 3 మిల్లీగ్రాములు. శోషణలు 0.096, 0.216, 0.336, 0.456. వాలు 0.120, 0.096ను 0.120తో భాగిస్తే ఫ్లాస్కులో 0.80, నమూనాలో దానికి రెండున్నర రెట్లు, అంటే లీటరుకు 2.0 మిల్లీగ్రాములు.

ఈ పద్ధతి వాలులో వచ్చే తప్పును సరిచేస్తుంది, అంతే. పొగ వల్లనో, మరో లోహపు రేఖ వల్లనో అదనంగా చేరిన సంకేతాన్ని ఇది తీసివేయలేదు. దానికి నేపథ్య సవరణ విడిగా చేయాలి.

గుర్తింపు పరిమితిని ఎలా లెక్కించాలి?

నమూనా దాటిన అన్ని దశలూ దాటిన బ్లాంకును కనీసం పదిసార్లు కొలిచి, ప్రామాణిక విచలనాన్ని మూడుతో గుణించి కాలిబ్రేషన్ వాలుతో భాగిస్తే గుర్తింపు పరిమితి, పదితో గుణించి భాగిస్తే పరిమాణ నిర్ధారణ పరిమితి వస్తాయి. ఒకే ఫ్లాస్కును పదిసార్లు కొలవడం కాదు, పది ఫ్లాస్కులను వేరువేరుగా తయారుచేయాలి. ఒకే ఫ్లాస్కుతో వచ్చేది పరికరపు పరిమితి మాత్రమే, అది పరికరం అమ్మేవారి కరపత్రంలో బాగుంటుంది గానీ మీ నమూనాకు వర్తించదు.

లోహం కనిపించకపోతే ‘సున్నా’ అని రాయవచ్చా?

రాయకూడదు. ‘లీటరుకు 0.5 మైక్రోగ్రాముల కంటే తక్కువ’ అని, మీ పరిమితిని చూపుతూ రాయాలి. చదివేవారికి మీరు ఎంతవరకు చూడగలిగారో తెలియాలి.

నా ఫలితం సరైనదేనని చివరికి ఎలా నమ్మాలి?

మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకే విలువ రావడం పునరావృతమే తప్ప సత్యం కాదు. ఒకే తప్పు మూడుసార్లు కూడా జరగవచ్చు. నమూనాకు తెలిసినంత లోహాన్ని చేర్చి తిరిగి ఎంత వచ్చిందో చూడటం మొదటి పరీక్ష. చేర్చే మొత్తం నమూనాలో ఉన్నదానికి ఇంచుమించు సమానంగా ఉండాలి. పది రెట్లు చేరిస్తే నూరు శాతం తేలికగా వస్తుంది, దానివల్ల తెలిసేదేమీ ఉండదు. పైగా మీరు చేర్చింది కరిగి ఉన్న అయాను. మట్టి రేణువులో ఇరుక్కున్న లోహం బయటికి వచ్చిందో లేదో ఆ పరీక్ష చెప్పదు.

అది చెప్పగలిగేది ప్రమాణీకృత పదార్థమే. సహజ జలానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఇచ్చే 1640ఎ, నది నీటికి కెనడా జాతీయ పరిశోధన మండలి ఇచ్చే ఎస్ఎల్ఆర్ఎస్ వరుస పదార్థాలు చాలా ప్రయోగశాలల్లో ఉంటాయి. వాటిని ప్రత్యేక శ్రద్ధతో, విడిగా, మంచి రోజు చూసి కొలవకండి. రోజువారీ నమూనాల మధ్యలో, ప్రతి ఇరవయ్యో సీసాగా, ఎవరి కంటా ప్రత్యేకంగా పడకుండా పెట్టి కొలవండి. ధ్రువపత్రంలో ఉన్న అనిశ్చితి పరిధిలోకి మీ విలువ వస్తే ఆ రోజు నివేదికల మీద సంతకం చేయవచ్చు. రాకపోతే ఆ వరుసలో అంతకుముందు వచ్చిన ఫలితాలను కూడా ఆపి, బ్లాంకు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.